లాగ్ ఫార్వర్డింగ్ ఏజెంట్ల పర్యవేక్షణ: అభావ భావన ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కంప్యూటర్ వ్యవస్థల్లో జరిగే ముఖ్య సంఘటనలు లాగ్ రూపంలో నమోదవుతాయి. ఆ నమోదులను పుట్టిన చోటి నుంచి కేంద్ర నిల్వకు చేరవేసే చిన్న ప్రోగ్రాములను లాగ్ ఫార్వర్డింగ్ ఏజెంట్లు అంటారు. ఏజెంటు ఆగిపోయినప్పుడు కేంద్రంలో దోషసూచన ఏదీ కనిపించకపోవచ్చు; నమోదులు రాకపోవడం ఒక్కటే అక్కడ మిగులుతుంది. ఆ రాకపోవడాన్ని ఎలా గుర్తించాలి, దాని నుంచి ఏమి నిర్ధారించవచ్చు అన్నవి ఈ వ్యాసం చర్చించే ప్రశ్నలు. భారతీయ తర్కశాస్త్రం అభావాన్ని విశ్లేషించిన తీరును ఆధారంగా తీసుకొని, ఏజెంట్ల మౌనానికి గల కారణాలను వర్గీకరించడం, ఒక్కొక్క దానికి తగిన పర్యవేక్షణ పద్ధతిని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: లాగ్, ఫార్వర్డింగ్ ఏజెంటు, పర్యవేక్షణ, అభావం, అనుపలబ్ధి, హార్ట్‌బీట్, అనవస్థ, సెర్ట్-ఇన్.

1. ఉపోద్ఘాతం

సంప్రదాయ లెక్కల పద్ధతిలో ఏ రోజు జరిగిన లావాదేవీని ఆ రోజే చిట్టాలో రాసి, తరువాత ఆవర్జాలోకి ఎక్కించేవారు. చిట్టా సంఘటన జరిగిన చోటనే పుడుతుంది. ఆవర్జా అన్నింటినీ ఒకచోట కూర్చి చూపుతుంది. కంప్యూటర్ లాగ్‌కూ కేంద్ర నిల్వకూ మధ్య ఉన్న సంబంధం ఇటువంటిదే. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఏ ఫైలు మారింది, ఏ అభ్యర్థన విఫలమైంది అనే వివరాలు ఆయా సర్వర్లలోనే వరుసగా నమోదవుతాయి. వాటిని కేంద్రానికి చేరవేసే పని ఏజెంటుది.

ఒక విశ్వవిద్యాలయ ప్రవేశాల పోర్టల్‌ను ఉదాహరణగా ఊహించవచ్చు. వెబ్ సర్వర్లు, డేటాబేస్ సర్వర్, ఫైర్‌వాల్ అన్నీ తమ లాగ్‌లను ఒక కేంద్ర సర్వర్‌కు పంపుతున్నాయి. అక్కడి తెరపై దోషాల సంఖ్య సున్నా అని కనిపిస్తోంది. ఈ సున్నాకు రెండు అర్థాలు సాధ్యం: దోషాలు జరగలేదు, లేదా జరిగిన దోషాల వార్త చేరలేదు. తెరపై ఈ రెండింటి రూపం ఒక్కటే. మూడు నెలల తరువాత విద్యార్థుల ఆధార్ వివరాలు బయటికి పొక్కాయని తెలిసి, డేటాబేస్ సర్వర్ లాగ్ కోసం వెతికినప్పుడు, ఏజెంటు రెండు నెలల క్రితమే ఆగిపోయిందని తేలితే, ఎవరి వివరాలు పోయాయో, ఎవరి వివరాలు పోలేదో చెప్పడానికి ఆధారమే ఉండదు.

కనుక ఏజెంటు పని చేస్తోందా లేదా అనే ప్రశ్న, సంస్థ తన గతాన్ని గురించి ఏమి చెప్పగలదు అనే ప్రశ్నతో ముడిపడి ఉంది.

2. నేపథ్యం: సిస్‌లాగ్ నుంచి నేటి ఏజెంట్ల వరకు

లాగ్‌లను ఒక క్రమపద్ధతిలో నమోదు చేసి పంపే సిస్‌లాగ్ విధానాన్ని 1980ల్లో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ ప్రాజెక్టులో భాగంగా రూపొందించాడు. యూనిక్స్ వ్యవస్థల్లో అది వేగంగా వ్యాపించింది. అప్పటికే వాడుకలో ఉన్న పద్ధతిని 2001లో ఆర్.ఎఫ్.సి. 3164 వివరించగా, 2009లో ఆర్.ఎఫ్.సి. 5424 దానికి ప్రామాణిక రూపం ఇచ్చింది.

తొలి సిస్‌లాగ్ సందేశాలు యు.డి.పి. పద్ధతిలో 514వ పోర్టు ద్వారా వెళ్లేవి. యు.డి.పి.ని పోస్టుకార్డుతో పోల్చవచ్చు. పెట్టెలో వేయడంతో పంపినవారి పని ముగుస్తుంది. చేరినట్లు రసీదు రాదు. టి.సి.పి. పద్ధతి ఈ లోపాన్ని కొంతవరకు తీర్చింది. అయితే అక్కడ వచ్చే రసీదు అవతలి యంత్రపు నెట్‌వర్క్ పొర ఇచ్చేది మాత్రమే. లాగ్‌ను స్వీకరించవలసిన ప్రోగ్రాము దానిని నిజంగా అందుకున్నదని ఆ రసీదు హామీ ఇవ్వదు. కనెక్షన్ హఠాత్తుగా తెగినప్పుడు దారిలో ఉన్న నమోదులు పోవచ్చు. ఈ కారణంగానే ఆర్‌సిస్‌లాగ్ రూపకర్త రైనర్ గెర్‌హార్డ్స్, ప్రోగ్రాము స్థాయిలోనే రసీదు ఇచ్చే రెల్ప్ అనే పద్ధతిని రూపొందించాడు.

నేడు ఆర్‌సిస్‌లాగ్, సిస్‌లాగ్-ఎన్‌జి, ఫ్లుయెంట్‌డి, ఫ్లుయెంట్ బిట్, ఫైల్‌బీట్, స్ప్లంక్ యూనివర్సల్ ఫార్వర్డర్ వంటివి విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. వివరాల్లో తేడాలున్నా ఇవి చేసే పనిని నాలుగు దశలుగా చూడవచ్చు. లాగ్ ఫైలును చదవడం మొదటిది. ఎంతవరకు చదివారో గుర్తుంచుకోవడం రెండవది. ఫైల్‌బీట్ దీనికోసం రిజిస్ట్రీ అనే ప్రత్యేక నమోదును ఉంచుకుంటుంది. పంపవలసిన వాటిని బఫర్‌లో నిలుపుకోవడం మూడవది. కేంద్రానికి పంపి, అందిన రసీదు మేరకు ముందుకు కదలడం నాలుగవది. ఈ దశల్లో ఏ ఒక్కటి ఆగినా నమోదులు చేరవు. కాని ఏ దశ ఆగినదీ కేంద్రం నుంచి చూసేవారికి కనిపించదు.

3. అభావం ఎలా తెలుస్తుంది?

లేనిదాన్ని ఎలా తెలుసుకుంటాం అనే ప్రశ్నను భారతీయ దర్శనాలు లోతుగా చర్చించాయి. కుమారిలభట్టు సంప్రదాయానికి చెందిన మీమాంసకులు అనుపలబ్ధిని, అంటే గోచరించకపోవడాన్ని, ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించారు. నైయాయికులు దానిని వేరే ప్రమాణంగా ఒప్పుకోక, అభావం కూడా ప్రత్యక్షం వల్లనే తెలుస్తుందనీ, అనుపలబ్ధి అందుకు తోడ్పడుతుందనీ చెప్పారు. ఈ భేదం ఎలా ఉన్నా ఉభయులకూ సమ్మతమైన నియమం ఒకటుంది. గోచరించకపోవడం దానంతట అదే చాలదు. అది యోగ్యానుపలబ్ధి కావాలి. వస్తువు అక్కడ ఉండి ఉంటే తప్పక కనిపించేది అనే పరిస్థితి ఉన్నప్పుడే, కనిపించకపోవడం అభావాన్ని నిరూపిస్తుంది. వెలుతురున్న గదిలో కుండ కనిపించకపోతే అది లేదని చెప్పవచ్చు. చీకటి గదిలో అలా చెప్పడానికి వీలులేదు.

అభావాన్ని గురించి మాట్లాడేటప్పుడు తార్కికులు మరో రెండు అంశాలను తప్పనిసరిగా అడుగుతారు: ఏది లేదు, ఎక్కడ లేదు. లేని వస్తువు ప్రతియోగి. అది లేని చోటు అనుయోగి. ఈ రెండూ ముందుగా తెలియనిదే అభావజ్ఞానం కలగదు.

లాగ్ పర్యవేక్షణకు ఈ నియమాలు యథాతథంగా వర్తిస్తాయి. ఏయే సర్వర్ల నుంచి లాగ్‌లు రావాలి అనే జాబితా అనుయోగుల పట్టిక. ఒక్కొక్క సర్వర్ నుంచి ఏయే రకాల నమోదులు, ఎంత వ్యవధిలో రావాలి అనేది ప్రతియోగి నిర్ణయం. వచ్చి ఉంటే తప్పక కనిపించేదే అనే భరోసా యోగ్యత. ఈ మూడింటిలో ఏది కొరవడినా, లాగ్ రాలేదు అనే వాక్యం నుంచి ఏ నిర్ణయమూ చేయలేం. నెలకొకసారి మాత్రమే పనిచేసే బ్యాకప్ సర్వర్ మూడు రోజులు మౌనంగా ఉంటే అది దోషం కాదు. నిమిషానికి వందల అభ్యర్థనలు అందుకునే వెబ్ సర్వర్ మూడు నిమిషాలు మౌనంగా ఉంటే విచారించవలసిందే.

4. ఏజెంట్ల మౌనం: నాలుగు విధాలు

ఆంధ్రదేశీయుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో అభావాన్ని ప్రాగభావం, ప్రధ్వంసాభావం, అత్యంతాభావం, అన్యోన్యాభావం అని నాలుగు విధాలుగా చెప్పాడు. ఈ విభజనను లాగ్‌ల మౌనానికి అన్వయించినప్పుడు, ఒకే హెచ్చరికతో అన్ని రకాల మౌనాలనూ పట్టుకోవడం ఎందుకు సాధ్యం కాదో స్పష్టమవుతుంది.

4.1 ప్రాగభావం

వస్తువు పుట్టకముందు ఉండే లేమి ప్రాగభావం. పోర్టల్ రద్దీ పెరిగిందని కొత్తగా ఒక వెబ్ సర్వర్‌ను చేర్చి, అందులో ఏజెంటును నెలకొల్పడం మరచిపోయిన సందర్భం ఇందుకు ఉదాహరణ. నిన్న వచ్చినవి నేడు రాకపోతే హెచ్చరించు అనే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఆ సర్వర్ నుంచి నిన్న కూడా ఏమీ రాలేదు. కేంద్రానికి దాని పేరే తెలియదు.

దీనికి పరిష్కారం లాగ్‌ల వెలుపల నుంచి రావాలి. సంస్థ యంత్రాల జాబితా, క్లౌడ్ సేవ చూపే సర్వర్ల పట్టిక, నెట్‌వర్క్ చిరునామాల నమోదు వంటి స్వతంత్ర ఆధారాన్ని తీసుకొని, లాగ్ పంపుతున్నవాటి జాబితాతో రోజూ పోల్చాలి. మొదటి జాబితాలో ఉండి రెండవ దానిలో లేనివే ప్రాగభావ స్థానాలు. కుబెర్నెటీస్ వాడే చోట్ల డీమన్‌సెట్ రూపంలో ఏజెంటును నడిపితే, ఎన్ని నోడ్‌లలో నడవాలి, ఎన్నింటిలో సిద్ధంగా ఉంది అనే రెండు సంఖ్యలను వ్యవస్థే చూపుతుంది. ఆ రెండూ సమానంగా ఉన్నాయో లేదో చూడడం తేలిక.

4.2 ప్రధ్వంసాభావం

ఉన్నది నశించాక ఏర్పడే లేమి ప్రధ్వంసాభావం. పనిచేస్తున్న ఏజెంటు మెమరీ చాలక ఆగిపోవడం, సాఫ్ట్‌వేర్ నవీకరణ తరువాత తిరిగి మొదలు కాకపోవడం, భద్రతా సర్టిఫికెట్ గడువు తీరి కేంద్రం దానిని తిరస్కరించడం ఈ కోవలోకి వస్తాయి. సాధారణ పర్యవేక్షణ పద్ధతులు ప్రధానంగా దీనినే దృష్టిలో ఉంచుకుంటాయి.

ఇక్కడ ఒక సూక్ష్మమైన పొరపాటుకు అవకాశం ఉంది. గత 24 గంటల్లో లాగ్ పంపిన సర్వర్ల పట్టికను తీసి, వాటిలో గత 10 నిమిషాలుగా మౌనంగా ఉన్నవాటిని చూపే ప్రశ్నను చాలామంది నిర్వాహకులు రాసుకుంటారు. సర్వర్ ఆగిన తొలి రోజంతా ఈ ప్రశ్న దానిని చూపుతుంది. 24 గంటలు దాటగానే ఆ సర్వర్ పట్టికలోంచే తొలగిపోతుంది; హెచ్చరిక దానంతట అదే మాయమవుతుంది. దోషం తొలగిపోలేదు, దోషస్మృతి తొలగిపోయింది. పోలికకు ఆధారంగా లాగ్‌ల చరిత్ర కాక స్వతంత్ర జాబితా ఉండాలనడానికి ఇది రెండవ కారణం.

ప్రధ్వంసాభావానికి ఆది ఉంది, అంతం లేదని తార్కికుల మాట. ఏజెంటును మళ్లీ నడిపించవచ్చు. కాని ఆ వ్యవధిలో నశించిన నమోదులు తిరిగి రావు. నశించకుండా కాపాడగలిగేది మూలంలోని నిల్వ మాత్రమే. ఏజెంటు నడుస్తూ కేంద్రంతో సంబంధం తెగినప్పుడు ఆ నిల్వ బఫర్. నిమిషానికి 1 మెగాబైటు లాగ్ రాసే సర్వర్‌లో 500 మెగాబైట్ల బఫర్ ఉంటే అది 500 నిమిషాలు, అంటే 8 గంటల 20 నిమిషాలు నిలుస్తుంది. రాత్రి 9 గంటలకు తెగిన సంబంధాన్ని ఉదయం 9 గంటలకు గమనిస్తే 3 గంటల 40 నిమిషాల నమోదులు ప్రమాదంలో పడతాయి. ఏజెంటే ఆగిపోయినప్పుడు అసలు లాగ్ ఫైలు ఎన్ని రోజులు ఉంటుంది అన్నది గడువు అవుతుంది. ఫైర్‌వాల్ వంటి పరికరం యు.డి.పి. ద్వారా మాత్రమే పంపుతూ తనవద్ద ఏమీ దాచుకోకపోతే ఆ గడువు శూన్యం. దోషాన్ని గుర్తించడానికి పట్టే సమయం ఈ గడువుకంటే తక్కువగా ఉండేలా హెచ్చరికలను అమర్చుకోవాలి.

4.3 అత్యంతాభావం

మూడు కాలాల్లోనూ ఉండే లేమి అత్యంతాభావం. ఏజెంటు సక్రమంగా నడుస్తున్నా, మూలంలో నమోదే పుట్టని సందర్భాలను ఇందుకు దగ్గరగా చూడవచ్చు. డేటాబేస్‌లో ఆడిట్ నమోదును ఎన్నడూ ఆన్ చేయకపోతే ఎవరు ఏ పట్టికను చదివినా లాగ్ పుట్టదు. తీవ్ర దోషాలను మాత్రమే రాయాలని అమర్చిన ప్రోగ్రాము సాధారణ లాగిన్‌లను ఎప్పటికీ రాయదు. ఏజెంటు పర్యవేక్షణ ఎంత పకడ్బందీగా ఉన్నా ఈ లోపాన్ని చూపలేదు. తెలిసిన ఒక సంఘటనను ఉద్దేశపూర్వకంగా కలిగించి, ఉదాహరణకు పరీక్ష ఖాతాతో ఒకసారి తప్పు పాస్‌వర్డ్ ఇచ్చి, దాని నమోదు కేంద్రంలో కనిపించిందో లేదో చూడడమే ఇందుకు మార్గం.

4.4 అన్యోన్యాభావం

కుండ వస్త్రం కాదు అన్నట్లు, ఒకటి మరొకటి కాకపోవడం అన్యోన్యాభావం. పర్యవేక్షణలో ఎక్కువ భ్రమ ఇక్కడే ఉంది. ఏజెంటు ప్రక్రియ నడవడం వేరు, అది ఫైలును చదవడం వేరు, చదివినది పంపడం వేరు, పంపినది చేరడం వేరు, చేరినది వెతికినప్పుడు దొరకడం వేరు. సిస్టమ్‌డి ఏజెంటు స్థితిని చురుకుగా ఉన్నట్లు చూపుతున్నప్పుడే, ఆ ఏజెంటు పాత దారిలోని ఖాళీ ఫైలును చదువుతూ ఉండవచ్చు. ఫైలును నకలు తీసి ఖాళీ చేసే లాగ్‌రొటేట్ పద్ధతిలో, నకలుకూ ఖాళీ చేయడానికీ మధ్య వచ్చిన కొన్ని పంక్తులు పోయే అవకాశం ఉంది.

సమయాన్ని గురించిన పొరపాటు కూడా ఈ వర్గంలోనిదే. ఆర్.ఎఫ్.సి. 3164 సందేశంలోని సమయంలో సంవత్సరం గాని, కాలమండలం గాని ఉండవు. భారత కాలమానంలో రాసిన 10 గంటలను కేంద్రం అంతర్జాతీయ సమన్వయ కాలంగా భావిస్తే, ఆ నమోదు 5 గంటల 30 నిమిషాలు భవిష్యత్తులో పడుతుంది. గత 15 నిమిషాల నమోదులను వెతికేవారికి అది కనిపించదు. లాగ్ చేరింది, కాని మౌనంగా ఉన్నట్లు తోస్తుంది. సంఘటన జరిగిన సమయాన్నీ కేంద్రానికి చేరిన సమయాన్నీ వేరువేరుగా నమోదు చేసి పోల్చినప్పుడే ఈ భ్రమ తొలగుతుంది.

5. పర్యవేక్షణ పద్ధతులు

5.1 ప్రక్రియను గమనించడం

ఏజెంటు ప్రక్రియ నడుస్తోందా అని ఆ సర్వర్‌లోనే చూడడం తొలి మెట్టు. ఆగితే దానిని తిరిగి మొదలుపెట్టేలా సిస్టమ్‌డిని అమర్చవచ్చు. ఇది అవసరమైనదే గాని, పై చర్చను బట్టి చాలినది కాదు.

5.2 ఏజెంటు చెప్పే కొలతలు

ఏజెంట్లు తమ పనిని గురించి తామే కొలతలు ఇస్తాయి. ఆర్‌సిస్‌లాగ్‌లో ఇంప్‌స్టాట్స్ అనే భాగం వరుసలో వేచి ఉన్న సందేశాల సంఖ్యను, విడిచిపెట్టిన వాటి సంఖ్యను నియమిత వ్యవధిలో రాస్తుంది. ఫ్లుయెంట్ బిట్‌లో అంతర్గత హెచ్.టి.టి.పి. సేవను ఆన్ చేస్తే చదివినవి, పంపినవి, మళ్లీ ప్రయత్నించినవి, వదిలేసినవి అనే లెక్కలు దొరుకుతాయి. చదివిన వాటికీ పంపిన వాటికీ మధ్య తేడా పెరుగుతూ పోతుంటే ఏజెంటు బతికే ఉంది, కాని దారి మూసుకుపోయిందని అర్థం.

ప్రొమీథియస్ ఒక్కొక్క యంత్రాన్నీ నియమిత వ్యవధిలో పలకరించి కొలతలు తెచ్చుకుంటుంది. పలికితే అప్ అనే కొలత విలువ 1, పలకకపోతే 0. అయితే పలకరించవలసిన వాటి జాబితాలోంచే యంత్రం తొలగిపోతే 0 కూడా రాదు; ఆ కొలతే ఉండదు. విలువ సున్నా కావడానికీ, విలువే లేకపోవడానికీ గల ఈ భేదాన్ని గుర్తించడానికి ప్రొమీథియస్ భాషలో ఆబ్సెంట్ అనే ప్రత్యేక ప్రమేయం ఉంది. అభావాన్ని భావరూపమైన విలువగా మార్చి చూపడమే దాని పని.

5.3 హార్ట్‌బీట్ సందేశం

పై రెండు పద్ధతులూ ఏజెంటు వైపు నుంచి చూస్తాయి. కేంద్రం వైపు నుంచి చూడడానికి తగిన సాధనం హార్ట్‌బీట్. ప్రతి సర్వర్‌లోనూ నిమిషానికొకసారి ఒక చిన్న పంక్తిని మామూలు లాగ్ నడిచే దారిలోనే రాయించి, అది కేంద్రంలో దొరుకుతోందో లేదో చూడాలి. ఈ ఆలోచన కొత్తది కాదు. పాత సిస్‌లాగ్‌డి ప్రోగ్రాము ప్రతి 20 నిమిషాలకు మార్క్ అనే పంక్తిని రాసేది. రాయడానికి ఏమీ లేకున్నా రాసే ఆ పంక్తి, నమోదు యంత్రాంగం సజీవంగా ఉందనడానికి గుర్తు.

తర్క పరిభాషలో చెప్పాలంటే హార్ట్‌బీట్ యోగ్యతను కల్పిస్తుంది. నెలకొకసారి పనిచేసే బ్యాకప్ సర్వర్ మౌనానికి సహజంగా అర్థం లేదు. అది కూడా నిమిషానికొకసారి పలకాలని నియమం పెట్టిన తరువాత దాని మౌనం సాక్ష్యమవుతుంది. దీనికయ్యే ఖర్చు స్వల్పం. నిమిషానికొకటి చొప్పున ఒక సర్వర్ రోజుకు 1,440 పంక్తులు పంపుతుంది. 500 సర్వర్లకు 7,20,000 పంక్తులు. ఒక్కొక్కటి 200 బైట్లనుకుంటే మొత్తం రోజుకు దాదాపు 144 మెగాబైట్లు.

హార్ట్‌బీట్‌లో వరుససంఖ్యను కూడా చేర్చితే మరో ప్రయోజనం ఉంది. 41 తరువాత 44 వస్తే, సంబంధం తెగకపోయినా మధ్యలో రెండు సందేశాలు పోయాయని తెలుస్తుంది. ఒక్క సందేశం ఆలస్యమైనంత మాత్రాన హెచ్చరిస్తే నిర్వాహకులు హెచ్చరికలకు అలవాటుపడి వాటిని పట్టించుకోవడం మానేస్తారు. వరుసగా మూడు నుంచి ఐదు సందేశాలు తప్పిన తరువాత హెచ్చరించడం సముచితం. ఒకేసారి నలభై సర్వర్లు మౌనం వహిస్తే నలభై ఏజెంట్లు ఒక్కసారిగా చెడిపోయాయనుకోవడం కంటే, దారినో కేంద్రాన్నో ముందుగా అనుమానించాలి. అది చీకటి గది. అక్కడి అనుపలబ్ధి ఏజెంట్ల అభావాన్ని నిరూపించదు.

5.4 అనవస్థ నివారణ

ఏజెంటును పర్యవేక్షించే వ్యవస్థ ఆగిపోతే ఎవరు చెబుతారు? దానికి మరొక పర్యవేక్షకుణ్ణి నియమిస్తే, వానికి ఇంకొకరు కావాలి. తర్కంలో దీనిని అనవస్థ దోషమంటారు. ఆచరణలో దీనికి ఒక సర్దుబాటు ఉంది. ప్రొమీథియస్ వాడేవారు వాచ్‌డాగ్ అనే పేరుతో ఎప్పుడూ మోగుతూనే ఉండే ఒక హెచ్చరికను అమర్చుకుంటారు. అది సంస్థ నెట్‌వర్క్‌కు వెలుపల ఉన్న వేరే సేవకు నిరంతరం చేరుతుంది. చేరడం ఆగినప్పుడు ఆ సేవ నిర్వాహకులకు ఫోన్ ద్వారా తెలియజేస్తుంది. వెలుపలి సేవ, లోపలి వ్యవస్థ ఒకదానినొకటి గమనించుకుంటే గొలుసు అనంతంగా సాగనవసరం లేదు. రెండూ ఒకే విద్యుత్ సరఫరా మీద, ఒకే నెట్‌వర్క్ మీద ఆధారపడకుండా చూడడమే ఇక్కడి నియమం.

6. భద్రత, చట్టపరమైన బాధ్యత

ఏజెంటు ఆగడం ప్రతిసారీ యాదృచ్ఛికం కాదు. వ్యవస్థలోకి చొరబడినవారు తమ జాడ దొరకకుండా ముందుగా నమోదు యంత్రాంగాన్ని ఆపే ప్రయత్నం చేస్తారు. దాడి పద్ధతులను వర్గీకరించే మైటర్ అటాక్ పట్టిక, రక్షణ సాధనాలను నిర్వీర్యం చేయడాన్ని ప్రత్యేక పద్ధతిగా పేర్కొంది. విండోస్‌లో ఆడిట్ లాగ్‌ను చెరిపినప్పుడు 1102 సంఖ్యతో ఒక నమోదు పుడుతుంది. చెరిపివేత కూడా నమోదు కావాలనే ఏర్పాటు ఇది. అందువల్ల ఏజెంటు మౌనాన్ని నిర్వహణ లోపంగా మాత్రమే పరిగణించి మళ్లీ నడిపించి వదిలేయకుండా, ఎందుకు ఆగిందో విచారించవలసి ఉంటుంది.

భారతదేశంలో దీనికి చట్టపరమైన కోణం కూడా ఉంది. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న సమాచార సాంకేతిక చట్టంలోని 70బి సెక్షన్ కింద జారీచేసిన ఆదేశాల ప్రకారం, సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలి. నిర్దేశిత సైబర్ సంఘటనలను గమనించిన 6 గంటల్లోగా తెలియజేయాలి. వ్యవస్థల గడియారాలను జాతీయ సమాచార కేంద్రం లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో అనుసంధానించాలి. ఈ ఆదేశాలు ప్రభుత్వ సంస్థలకూ వర్తిస్తాయి. 180 రోజుల నిల్వకు డిస్కు కొనడంతో బాధ్యత తీరదు. ఆ డిస్కులోకి నమోదులు ప్రతిరోజూ చేరుతున్నాయని చూపగలగాలి. మధ్యలో ఖాళీ ఏర్పడితే అది ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో రాసి ఉంచాలి. అలా రాసిన ఖాళీ, ఆ వ్యవధిలో ఏమి జరిగిందో తెలియదనే నిజాన్నైనా నిలుపుతుంది. రాయని ఖాళీ, ఏమీ జరగలేదనే అబద్ధంగా చదవబడుతుంది.

7. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. లాగ్ రాకపోవడం క్షేమానికి గాని, దోషానికి గాని దానంతట అది ప్రమాణం కాదు. రావలసినది రాలేదని చెప్పగలిగే యోగ్యత ముందుగా ఏర్పడి ఉండాలి.

2. ఏయే మూలాల నుంచి లాగ్ రావాలో తెలిపే జాబితా, లాగ్‌ల చరిత్ర నుంచి కాక స్వతంత్ర ఆధారం నుంచి తయారు కావాలి.

3. ప్రాగభావానికి జాబితాల పోలిక, ప్రధ్వంసాభావానికి హార్ట్‌బీట్, అత్యంతాభావానికి ప్రయోగపూర్వక పరీక్ష, అన్యోన్యాభావానికి దశలవారీ కొలతలు తగిన పద్ధతులు. ఒకటి మరొకదానికి ప్రత్యామ్నాయం కాదు.

4. ప్రక్రియ నడుస్తోందా అనే ప్రశ్నకంటే, నమోదు కేంద్రంలో దొరుకుతోందా అనే ప్రశ్న ముఖ్యమైనది.

5. దోషాన్ని గుర్తించే సమయం, మూలంలో నమోదులు నిలిచే గడువుకంటే తక్కువగా ఉండాలి.

6. పర్యవేక్షణ వ్యవస్థను గమనించే వెలుపలి సాక్షి ఒకటి అవసరం.

లేమిని గురించిన తార్కికుల చర్చ కంప్యూటర్ల కోసం పుట్టినది కాదు. అయినా ఏది లేదు, ఎక్కడ లేదు, ఉంటే కనిపించేదేనా అనే ఆ మూడు ప్రశ్నలూ నేటి సర్వర్ నిర్వాహకులు వేసుకోవలసినవే. విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయాలు, పరీక్షా విభాగాలు తమ నమోదులను డిజిటల్ రూపంలోకి మార్చుకుంటున్న ఈ కాలంలో, తెరపై కనిపించే సున్నా వెనుక ఉన్నది క్షేమమో మౌనమో తేల్చే ఏర్పాటు ఆ మార్పులో మొదటి రోజు నుంచే భాగం కావాలి.